టీవీలో వంటలు ఆయన చూస్తారు, చేయాల్సింది నేను

నెల్లూరు నించి ఒక అక్క రాశారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి ఊరి వరకే చెబుతున్నాను. ఉత్తరం పెద్దది, సంగతి టూకీగా ఇది.

ఆమెకు యాభై ఏడేళ్ళు, మూలాపేటలో సొంతిల్లు. భర్త ప్రభుత్వోద్యోగం చేసి పోయినేడాది రిటైరయ్యారు. ఒక్కతే కూతురు, పెళ్ళయి బెంగళూరులో ఉంటోంది. రిటైరైన కొత్తలో ఆయన పొద్దున పేపరు, సాయంత్రం రంగనాయకుల గుడి, మధ్యలో నిద్రతో గడిపారు. తర్వాత టీవీలో వంటల కార్యక్రమాలు అలవాటయ్యాయి. ఇప్పుడు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రికి పోటీ కార్యక్రమాలు. ఒక నోటుపుస్తకం పెట్టి, తారీఖు, వరస నంబరు వేసి మరీ రాసుకుంటారు. అంతవరకూ బాగానే ఉండేది, కానీ మర్నాటి నించి "ఇవాళ ఇది చెయ్యి" అని చీటీ రాసి వంటింట్లో పెట్టడం మొదలైంది. పనీరు, చీజ్, పుట్టగొడుగులు, కసూరి మేతి, ఇంట్లో లేనివన్నీ. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. ఆయనకు షుగర్.

రెండు నెలల కిందట ఒంగోలు నించి వియ్యాలవారు వచ్చారు. అల్లూరయ్య మైసూర్‌పాక్ తెచ్చారు, ఈమె ముందురోజు రాత్రే చేపల పులుసు కాచి ఉంచారు. మైపాడు దగ్గర పల్లెలో ఉండే వాళ్ళమ్మ నేర్పిన పులుసు. భోజనాల దగ్గర ఆయన అందరి ముందూ, "ఏందే ఇది, ఆ టీవీలో ఆమె కొబ్బరిపాలు పోసి ఇరవై నిమిషాల్లో ఎంత చిక్కగా చేసింది, నువ్వు నిన్నటి నించీ తిప్పలు పడి చేసేది ఇదేనా" అన్నారట. వియ్యపురాలు మాట మార్చారు. ఆ రోజు నించీ ఈమె మళ్ళీ చేపల పులుసు చేయలేదు. కోపంతో కాదట, "చెయ్యి పోవడంలేదు" అని రాశారు. కూతురికి చెబితే "ఈ వయసులో నాన్నకున్న సరదా అదొక్కటే, పోనీలే అమ్మా" అందట.

ఇంకొక్క సంగతి కూడా రాశారు, ఆమె మామూలుగా రాశారు గానీ నాకు ముఖ్యమనిపించింది. ఒకసారి ఈమె మధ్యాహ్నం పడుకుని లేచేసరికి ఆయనే టీ పెట్టి, అల్లం దంచి వేసి, "ఎట్టుంది, ఎట్టుంది" అని మళ్ళీ మళ్ళీ అడిగారట.

చివరికి ఆమె అడిగింది: కేబుల్ తీయించేయమంటారా? అసలు ఈ వంటల కార్యక్రమాల వల్ల ఎవరికైనా ఉపయోగం ఉందా? నేనే చిన్నదానికి పెద్దది చేసుకుంటున్నానా?

అక్కా,

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. చిన్నదాన్ని మీరు పెద్దది చేసుకోవడంలేదు. పెళ్ళయిన నాటి నించీ మీరు చేస్తున్న పనిని, అదీ మీ అమ్మగారి చేతి నించి వచ్చిన పనిని, వియ్యాలవారి ముందు తీసిపారేస్తే ఎవరికైనా మనసు విరుగుతుంది. కానీ మీ ఉత్తరంలో మూడు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఆ రోజు భోజనాల దగ్గర అన్న మాట ఒకటి. రోజూ వంటింట్లోకి వచ్చే చీటీ ఇంకొకటి. టీవీ మూడోది. మీ కోపమంతా మూడోదాని మీద పడింది, ఎందుకంటే టీవీని కోప్పడితే ఎవరూ నొచ్చుకోరు. నా మటుకు నాకు టీవీ ఇందులో సగం దోషే.

కేబుల్ తీయించేస్తే ఏమవుతుందో చెప్పడం కష్టమేమీ కాదు. ఆయన ఫోనులో చూస్తారు, ఇంకా దగ్గరగా, ఇంకా ఎక్కువసేపు, పైగా మీరు తన సంతోషం మీద దెబ్బకొట్టారని అనుకుంటారు. ఆ దారి వదిలేయండి.

ఇక ఉపయోగం ఉందా అన్నారు. ఉంది. 1993లో జీ టీవీలో సంజీవ్ కపూర్ ఖానా ఖజానా మొదలైనప్పుడు ఒక మగమనిషి నవ్వుతూ నిలబడి ఇంటి వంట చేయడం దేశమంతా చూసింది. 1995లో ఈటీవీ వచ్చింది, తర్వాత తెలుగులో మామూలు గృహిణులు స్టూడియోకి వచ్చి తమ ఊరి వంట చేసి చూపించే కార్యక్రమాలు పెరిగాయి, 2015కల్లా వంటల కోసమే ఈటీవీ అభిరుచి అని ప్రత్యేకంగా ఛానలే పెట్టారు. ఎప్పుడూ తన ఇంటి గడప దాటి పేరు తెలియని ఒక ఇల్లాలి పేరు, ఊరు తెర మీద పడటం నా దృష్టిలో తక్కువ సంగతి కాదు. మన జిల్లాలో కూర్చుని తెలంగాణ సర్వపిండి ఎలా తడతారో, రాయలసీమలో రాగి సంగటి ఎలా కెలుకుతారో చూడగలుగుతున్నామంటే దానివల్లే. కంటితో చూస్తేగానీ రానివి వంటలో చాలా ఉంటాయి. అరిసెలకు ఉండపాకం రావాలని పుస్తకంలో రాస్తారు, ఆ పాకం చుక్కని నీళ్ళ పళ్ళెంలో వేసి వేలితో దగ్గరికి తీసి ఉండ కట్టి చూపిస్తే, అమ్మ దగ్గర లేని పిల్లకి కూడా అర్థమవుతుంది. ఉల్లిపాయ ఏ రంగుకి రావాలి, మసాలా వేగాక నూనె ఎలా విడుతుంది, ఇవన్నీ మాటల్లో చెప్పడం కష్టం. హాస్టళ్ళలో, వేరే దేశాల్లో వంట నేర్చుకున్న పిల్లల్ని అడగండి, ఎవరి దయవల్ల పప్పుచారు తాగుతున్నారో చెబుతారు.

అన్నిటికంటే పెద్ద మేలు మీ ఇంట్లోనే జరిగింది. ఉద్యోగమున్నన్నాళ్ళూ కంచం ముందు కూర్చోవడం తప్ప వంట గురించి ఆలోచించని మనిషి ఇవాళ కసూరి మేతి ఎప్పుడు వేయాలో రాసుకుంటున్నారు. దీన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు.

కానీ ఈ కార్యక్రమాలకు ఒక పెద్ద లోపం ఉంది, మీ ఇంటి గొడవ సరిగ్గా అక్కడి నించే పుట్టింది. అరగంట కార్యక్రమంలో ప్రకటనలు పోను ఇరవై చిల్లర నిమిషాలు మిగులుతాయి. అందులోనే యాంకర్ పలకరింపులు, నవ్వులు, ఒక్కోసారి రెండేసి వంటకాలు. అందుకని ఉల్లిపాయలు ముందే తరిగి గాజు గిన్నెల్లో పెట్టి ఉంటారు, చింతపండు పులుసు తీసి ఉంటుంది, అల్లం వెల్లుల్లి నూరి ఉంటుంది, "రెండు గంటలు నానబెట్టుకోవాలండీ" అనగానే నానినవి పక్క గిన్నెలో ప్రత్యక్షమవుతాయి. చివర్లో మనకు చూపించే గిన్నె చాలాసార్లు ముందే తయారుచేసి పక్కన పెట్టింది. చేప పొలుసు తీయడం, రాళ్ళుప్పు పసుపు వేసి జిగురు పోయేదాకా రుద్ది కడగడం, ఆ తర్వాత సింకు కడగడం, చేతుల వాసన పోగొట్టుకోవడం, ఇవేవీ ఉండవు. మాడిన మూకుడు ఎవరో తీసుకెళ్ళి తోముతారు, ఆ ఎవరో మనకు కనపడరు. సరుకుల బిల్లు కనపడదు. సగం వాడిన పుట్టగొడుగుల ప్యాకెట్టు మర్నాడు ఏం చేయాలో ఎవరూ చెప్పరు. స్పాన్సర్ చేసిన కంపెనీ మసాలా అయితే మటుకు తప్పకుండా కనపడుతుంది.

అంటే మీ ఆయన రోజూ అంత శ్రద్ధగా చూస్తున్నదాంట్లో కనపడనిదంతా మీరు చేసే పనే. ఆయనకు మీ మీద చులకన ఉండి "ఇరవై నిమిషాల్లో చేసింది" అనలేదని నాకనిపిస్తోంది. నిజంగానే వంటంటే ఇరవై నిమిషాలని ఆయన నమ్ముతున్నారు. మీ వంటింటిని ఇన్నేళ్ళలో ఆయన పక్కన నిలబడి చూసి ఉండరు, టీవీవాళ్ళ వంటింటిని మాత్రం రోజూ చూస్తున్నారు.

ఇది మీ ఒక్క ఇంటి సంగతీ కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ దేశమంతా సమయం ఎలా గడుస్తోందో సర్వే చేస్తే, జీతం లేని ఇంటి పనిలో పాల్గొనే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు దాని మీదే ఉంటున్నారని తేలింది, మగవాళ్ళు 97 నిమిషాలు. అదీ చేసే మగవాళ్ళ లెక్క, ఆ పనిలో పాల్గొనేవాళ్ళే మగవాళ్ళలో 26 శాతం. ఐదు గంటలక్కా రోజుకి. దాంట్లో టీవీకి ఎక్కేది ఎంత?

ఇంకోటి కూడా ఉంది. టీవీ ఒక వంటకాన్ని చూపిస్తుంది, మీరు నడిపేది ఒక రోజుని. నిన్నటి గోంగూర వాడిపోకముందే వాడేయాలి, రాత్రి అన్నం మిగిలితే పొద్దున తాలింపు వేయాలి, పాలు తోడుకున్నాయో లేదో చూడాలి, ఆయనకు షుగర్ కాబట్టి దుంపలు తగ్గించాలి, గ్యాస్ ఈ నెలాఖరుదాకా రావాలి. ఇదంతా తలలో పెట్టుకుని చేసే వంటకు, ఒక రోజు ఒక వంటకం అందంగా చేసి లేచిపోయే వంటకు కావాల్సిన నేర్పు వేరు. రెండూ నేర్పులే, మొదటిదాన్ని చూపించే కార్యక్రమం మాత్రం చాలా అరుదు.

చూపించిన వాళ్ళు లేకపోలేదు. 1963లో అమెరికాలో జూలియా చైల్డ్ అనే ఆవిడ కార్యక్రమం మొదలైంది. అందులో ఒకసారి బంగాళదుంప అట్టు తిరగేయబోతే కొంత పొయ్యి మీద పడింది. ఆవిడ దాన్ని ఏరి పెనంలో సర్దేసి, వంటింట్లో ఉండేది మీరొక్కరే, ఎవరు చూడొచ్చారు అంది. ఆ ముక్క తీసేయకుండానే ప్రసారం చేశారు. మన దగ్గర, టీవీ కాదు గానీ యూట్యూబ్‌లో, గుంటూరు జిల్లా గుడివాడ మస్తానమ్మగారు నూరేళ్ళు దాటాక కట్టెల పొయ్యి ముందు కూర్చుని, గోళ్ళతోనే అల్లం తొక్క గీకి వంట చేసేవారు. 2018లో పోయారావిడ. ఆ వీడియోల్లో శ్రమ కంటికి కనపడుతుంది. మీ ఆయన అవి చూడకపోతే చూడమనండి, ఇష్టపడతారు.

రాత్రి చూసే పోటీ కార్యక్రమాల మీద నాకు ఇంకొంచెం గట్టి అభిప్రాయం ఉంది. 2010లో హిందీలో మాస్టర్‌చెఫ్ వచ్చింది, 2021లో తెలుగులోనూ తీసుకొచ్చారు. వంట కూడా గౌరవమైన వృత్తేనని కుర్రాళ్ళకు తెలిసింది వాటివల్ల, ఆ మేలు ఒప్పుకోవాలి. కానీ వాటిలో వండేవాడు చెమటలు కక్కుతూ గడియారం వైపు చూస్తుంటాడు, తినేవాడు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని తీర్పు చెబుతాడు. రోజూ చూస్తే మనకు తెలియకుండానే మనమూ తీర్పు చెప్పే కుర్చీలో కూర్చుంటాం, ఎందుకంటే చూసేవాడికి ఇంట్లో దొరికేది ఆ కుర్చీ ఒక్కటే. ఆ రోజు వియ్యాలవారి ముందు మీ ఆయన మాట్లాడింది ఆ భాషే. మీరేమో పోటీకి పేరివ్వలేదు.

పులుసు సంగతికొస్తాను. కొబ్బరిపాలు పోసి చేసే చేపల కూర కేరళ వైపు వాళ్ళ ఇళ్ళలో చాలా మంచి కూర. చేప ముక్క పది పదిహేను నిమిషాల్లో ఉడికిపోతుంది కాబట్టి ఆమె ఇరవై నిమిషాల్లో చేయడమూ అబద్ధం కాదు. కానీ మన పులుసు వేరే జాతి. చింతపండు పులుపు, పైన మామిడికాయ ముక్కల పులుపు, వేయించి కొట్టిన మెంతుల పొడి, ఇవన్నీ ముక్కలోకి దిగడానికి రాత్రంతా కావాలి. అందుకే దాకని పొయ్యి మీద నించి దించి కదపకుండా వదిలేస్తాం, అందుకే మర్నాడు తింటాం. నిన్నటి నించీ చేయడం ఆ వంటలో ఒక భాగం. ఇది మీకు తెలుసు, మీరు నాకే నేర్పగలరు, కానీ ఆ రోజు మీరు ఈ మాట అనలేకపోయారు కాబట్టి నేను రాస్తున్నాను.

ఇప్పుడు ఏం చేయొచ్చో చూద్దాం. ఏది చేసినా దానికో ఖర్చు ఉంటుంది, అది కూడా చెబుతాను, నిర్ణయం మీదే.

ఇప్పటిలాగే చీటీ వచ్చినప్పుడల్లా చేసి పెట్టడం ఒక దారి. గొడవ ఉండదు, కూతురు కూడా సంతోషిస్తుంది. కానీ మీ మోకాళ్ళు దానికి ఒప్పుకోవు, లోపల కోపం పేరుకుంటుంది. పైగా ఆయనకు అసలు సంగతి ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే చీటీ పెడితే కూర రావడం ఆయనకు టీవీలో మాదిరిగానే సాగిపోతుంది.

ఇంకో దారి, "నేను చేయను" అని ఖచ్చితంగా చెప్పేయడం. మీకు ఆ హక్కు ఉంది. రోజువారీ వంట చేస్తాను, చీటీలు చూడను అనొచ్చు. కొన్నాళ్ళు ఇంట్లో మాటలు తగ్గుతాయి, ఆయన ఫోనులో బయటి నించి తెప్పించుకుంటారు, షుగర్ ఉన్న మనిషికి అది ఇంట్లో చేసిన చీజ్ కూర కన్నా మేలేమీ కాదు. ఒకవేళ మాటతో పని జరగకపోతే ఇది చివరికి చేయాల్సిందే, మొదటే చేస్తే మటుకు ఆయనలో మొలకెత్తిన ఆసక్తి కూడా పోతుందేమోనని నా భయం.

మూడోది, నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది, పొయ్యి ఆయనకు ఇవ్వడం. వారంలో ఒక రోజు, ఆదివారం అనుకుందాం. ఆ టీ సంగతి మీరు రాశారు చూశారా, "ఎట్టుంది" అని అన్నిసార్లు అడిగిన మనిషికి తినాలని కాదు, చేయాలని ఉంది. ఈ వయసులో వంటింట్లోకి వెళితే ఎవరేమనుకుంటారో అనో, మీరు వద్దంటారేమో అనో అడగలేక చీటీలు రాస్తున్నారేమో. జీవితమంతా కాగితం మీద రాసి పంపితే పని జరిగే చోట పనిచేసిన మనిషి, అదే అలవాటు ఇంటికి వచ్చింది. "ఇన్ని రాసుకున్నారు కదా, ఈ ఆదివారం ఒకటి మీ చేత్తో తినిపించండి" అని అడిగి చూడండి. దెప్పుతున్నట్టు కాకుండా, నిజంగా తినాలని ఉన్నట్టు అడగాలి.

అయితే ఇచ్చేటప్పుడు పూర్తిగా ఇవ్వండి. సరుకులు ఆయనే తేవాలి, తరుగుడు ఆయనే, పొయ్యి, ప్లాట్‌ఫాం తుడవడం ఆయనే, మూకుడు తోమడం కూడా ఆయనే. మొదట్లోనే మాట్లాడుకోండి, లేకపోతే ఆయన టీవీలో మాదిరిగా వంట చేసి చేతులు దులుపుకుని వస్తారు, వెనక కొండంత సింకు మీకు మిగులుతుంది, అప్పుడు పాత పద్ధతి కన్నా మీకు పని పెరుగుతుంది. మీ వైపు నించి కూడా ఒకటి ఇవ్వాలి. ఆయన ఉల్లిపాయ మందంగా తరుగుతుంటే కత్తిపీట లాక్కోకండి. హాల్లో కూర్చోండి, ఆ పూటకి వంటిల్లు ఆయనది. ఇన్నేళ్ళు మీరు కాపాడుకున్న చోటుని వదలడం ఎంత కష్టమో నాకు తెలుసు, డబ్బాలు మారిపోతాయి, నూనె ఒలుకుతుంది, నాన్‌స్టిక్ పెనం గీరుకుపోతుంది. పెనం కోసం ఉదయగిరి చెక్క గరిటె ఒకటి ఆయన చేతికివ్వండి. కూర బాగాలేకపోతే బాగాలేదనే చెప్పండి, కానీ ఇద్దరే ఉన్నప్పుడు, మెత్తగా. నలుగురిలో అనకూడదన్నది ఆయన అలాగే నేర్చుకుంటారు.

రెండు మూడు వారాల తర్వాత ఆయన విసిగి మానేయవచ్చు. చాలామంది గిన్నెలు తోమే దగ్గర ఆగిపోతారు. ఆగిపోయినా నష్టం లేదు, ఒక వంట వెనక ఎంత సేపు పడుతుందో ఆయన చేతులకు తెలిసి ఉంటుంది, ఆ తర్వాత చీటీ రాసేటప్పుడు కలం కాస్త ఆగుతుంది. మానకపోతే ఇంకా మంచిది, వారానికి ఒక రోజు మీ మోకాళ్ళకి సెలవు.

దీనికి తోడుగా ఇంకొకటి చేయొచ్చు. మధ్యాహ్నం కార్యక్రమం ఎప్పుడైనా ఆయన పక్కన కూర్చుని చూడండి. చూస్తూ "ఈ పప్పు ముందే ఉడికించారు, అదో అరగంట", "ఇది రాత్రే నానబోసి ఉంటారు" అని చెబుతూ ఉండండి. మీకన్నా బాగా ఆ కార్యక్రమాన్ని చదవగలిగేవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు. వారానికి ఒకే ఒక్క కొత్త వంటకం, అది కూడా ఇద్దరూ ఒప్పుకున్నది అని పెట్టుకోవచ్చు. మీ మధ్యాహ్నం కునుకు కొన్నిసార్లు పోతుంది, అదీ దీని ఖర్చు. నడుము వాల్చాలనిపించిన రోజు వాల్చేయండి, దీన్ని ఇంకో డ్యూటీ చేసుకోవద్దు.

ఆ నోటుపుస్తకాన్ని షుగర్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమనండి. టీవీలో "రుచికి తగినంత ఉప్పు" అంటారు, మనిషికి రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, అంటే ఒక చిన్న చెంచా, రోజంతటికీ, పచ్చళ్ళతో కలిపి. వెన్న, మైదా, చీజ్ ఎన్నిసార్లు తినొచ్చో మీరు చెబితే సాధింపులా వినపడుతుంది, డాక్టరు చెబితే వింటారు. మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈ వంటలు మొదలయ్యాక చేయించుకోకపోతే ఇప్పుడు చేయించండి. చిరుధాన్యాలు, ఆకుకూరలతో చేసేవి కూడా ఆ కార్యక్రమాల్లో బోలెడు వస్తాయి, ఆయన పుస్తకంలో ఉండే ఉంటాయి, వాటికి టిక్కు పెట్టించండి.

ఇవన్నీ చీటీల గురించి. ఆ రోజు అన్న మాట గురించి వేరుగా మాట్లాడాలి, దాన్ని వంట ఒప్పందాల్లో కలిపేయకండి. ఆయన స్థిమితంగా ఉన్న పూట, టీవీ ఆపి ఉన్నప్పుడు, చుట్టూ తిప్పకుండా చెప్పండి: "ఆ రోజు వియ్యాలవారి ముందు మీరన్న మాటకి నాకు చాలా కష్టం వేసింది. అది మా అమ్మ పులుసు. అందుకే మళ్ళీ చేయలేకపోతున్నా." ఇంతే. పాత లెక్కలు తీయొద్దు, టీవీ ఊసు ఎత్తొద్దు. ఆయన వెంటనే క్షమించమని అనకపోవచ్చు, మన ఇళ్ళలో ఆ తరం మగవాళ్ళకు ఆ మాట నోరు తిరగదు, బహుశా "నేనేదో సరదాకన్నా" అంటారు. ఊరుకోకుండా "నాకు సరదాగా అనిపించలేదు" అని ఒక్కసారి చెప్పి లేవండి. రెండు రోజులు మూతి ముడుచుకోవచ్చు కూడా. చెప్పకపోతే మాత్రం ఆయన మీ మౌనాన్ని ఏమనుకుంటారో ఊహించండి. చేపలు తేవడం ఎందుకు మానేశారో కూడా ఆయనకు తెలిసి ఉండదు.

పులుసు మళ్ళీ ఎప్పుడు చేయాలన్నది మీ ఇష్టం. ఆయన అడిగారని చేయకండి, ఎవరో వస్తున్నారని చేయకండి. మీకు తినాలనిపించిన రోజు చేసుకోండి.

కూతురి గురించి. ఆ పిల్ల నాన్న సంతోషం చూస్తోంది, అందులో తప్పేమీ లేదు, ఎందుకంటే నాన్న సరదా ఫోనులో వినపడుతుంది, అమ్మ నొప్పి వినపడదు. మీరు కూడా చెప్పి ఉండరు, "ఆఁ బాగానే ఉన్నా" అని ఉంటారు. ఈసారి ఫోను చేసినప్పుడు నాన్న మీద ఫిర్యాదు చేయకుండా, మీ ఒంటి సంగతి చెప్పండి, ఎంతసేపు నిలబడగలుగుతున్నారో, రాత్రి ఎలా నిద్రపోతున్నారో. ఆమెను మీ ఇద్దరి మధ్య పెద్దమనిషిగా కూర్చోబెట్టొద్దు, అది ఆమెకీ భారమే. ఆదివారం నాన్న వంట చేస్తే మాత్రం వీడియో కాల్‌లో చూపించమనండి, గిన్నెలు తోమడంతో సహా.

ఒక నెల చూడండి. నెల తర్వాత కూడా చీటీలు అలాగే వస్తుంటే అప్పుడు రెండో దారి, అంటే చేయనని చెప్పడం, మీకు తెరిచే ఉంది. ఇంత ప్రయత్నం చేశాక చెప్పే "చేయను"కి బలం వేరుగా ఉంటుంది, మీకు కూడా మనసులో పీకు ఉండదు.

మోకాళ్ళు మాత్రం ఏ దారి పట్టినా వాయిదా వేయకండి. కూర్చుని తరుక్కోవడానికి వంటింట్లో ఒక ఎత్తు స్టూలు వేసుకోండి, ఎముకల డాక్టరుకి చూపించుకోండి. వెళ్ళేటప్పుడు ఆయన్ని వెంట తీసుకెళ్ళండి. రోజుకి ఎంతసేపు నిలబడొచ్చో డాక్టరు చెబుతుంటే ఆయన తన చెవులతో వినాలి, కావాలంటే ఆ పుస్తకంలోనే రాసుకోమనండి.